సౌజన్య నకలు

కంఠాలగూడెం మండల రెవెన్యూ కార్యాలయంలో పదకొండు కంప్యూటర్లు, పదకొండు మంది ఉద్యోగులు ఉన్నారు. రోజూ సాయంత్రం నాలుగున్నరకు ఆ కంప్యూటర్లలోని పహాణీలు, పట్టాలు, సర్వే నంబర్లు మొత్తం ఆ ఉద్యోగుల తలల్లోకి బ్యాకప్ అవుతాయి. పన్నెండేళ్లుగా నడుస్తున్న పద్ధతి కనుక దీన్ని ఎవరూ వింతగా చూడరు. కుడి చెవి వెనక నీలం రంగు వైరు తగిలించుకుని, కళ్లు మూసుకుని పాతిక నిమిషాలు కూర్చుంటే పనైపోతుంది. తలకు నూనె పెట్టుకుని రాకూడదని ఒక సర్క్యులర్, మధ్యలో తుమ్మకూడదని మరో సర్క్యులర్ ఉన్నాయి. తుమ్మితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆఫీసు ఉన్న రోజున సెలవు పెట్టినవాళ్లు కూడా నాలుగున్నరకు వచ్చి వైరు తగిలించుకోవలసిందే.

బ్యాకప్ కోసం వేరే యంత్రం కొనాలని మొదట్లో అనుకున్న మాట నిజమే. టెండరు పిలిచారు, రద్దు చేశారు, మళ్లీ పిలిచారు. ఈలోగా, ఉన్న వనరుల్లోనే ఖాళీ ఎక్కడుందో చూసి వాడుకోవలసిందని పైనుంచి మెమో వచ్చింది. కార్యాలయమంతా వెతికారు. బీరువాలు నిండి ఉన్నాయి, అటక నిండి ఉంది, సైకిల్ షెడ్డులో కూడా పాత రికార్డులే. ఖాళీగా కనబడినవి ఉద్యోగుల తలలే. ఆ మాటే రాసి పంపితే మూడు రోజుల్లో ఆమోదం వచ్చింది. అంత తొందరగా వచ్చిన ఆమోదం ఆ కార్యాలయ చరిత్రలో మరొకటి లేదు.

అప్పట్లో స్టాక్ రిజిస్టరు చూసేది స్వరూప. సర్కారు సొమ్ము మీద సర్కారు పేరు లేకపోతే ఆడిట్ వాళ్లు ఊరుకోరని ఆమెకు తెలుసు. ఆ ఆఫీసులో కుర్చీల వీపుల మీద, బకెట్ల మీద, చివరికి నీళ్లకుండ మూత మీద కూడా తెల్లరంగుతో కార్యాలయం పేరు రాసి ఉంటుంది. కంప్యూటర్లు బిగించడానికి వచ్చినతను ఒక్కోదానికి ఒక్కో పేరు చెప్పమన్నాడు. ఆమె కార్యాలయం పేరు చెప్పి, చివర ఒకటి, రెండు అని నంబరు వేయమంది. ఆ గడిలో పదిహేను అక్షరాలకు మించి పట్టవు, నంబరు తెగిపోతోంది అన్నాడతను. అయితే నంబరు పోనీ, పేరు ఉండాలంది స్వరూప. అలా పదకొండు కంప్యూటర్లూ ఒకే పేరుతో రిజిస్టరుకెక్కాయి. ఆ ఏడు ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం రాలేదు. అప్పటి తాసిల్దారు ఆమెను అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా.

ఎంత ఖాళీ తలలైనా పన్నెండేళ్లకు నిండక తప్పదు. గత ఆషాఢంలో సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. ఒకే విషయం రెండు తలల్లో ఉండటం వృథా అని అది కనిపెట్టింది. అలాంటిది దొరికితే ఉద్యోగంలో పెద్దవారి తలలో ఉంచి, చిన్నవారి తలలోంచి తీసేస్తుంది. తీసేసిన చోట ఫలానావారి దగ్గర ఉందని ఒక గుర్తు మాత్రం వదులుతుంది. మొదటి వారంలోనే బోలెడంత జాగా మిగిలింది. పదిహేడో ఎక్కం తాసిల్దారు ఒక్కడి దగ్గరే ఉండిపోయింది కనుక లెక్క వచ్చినప్పుడల్లా ఆయన గది ముందు వరుస కట్టేవారు. బస్టాండుకు దారి డిప్యూటీ తాసిల్దారు సదానందం దగ్గర మిగిలింది. తాసిల్దారుకు జీపు ఉంది కాబట్టి ఆ దారి ఆయనకు ముందే తెలియదు. సాయంత్రం ఐదు దాటగానే సదానందం ముందు నడిచేవాడు, మిగతా వాళ్లు కోడిపిల్లల్లా వెనక నడిచేవారు. ఎవరూ నొచ్చుకోలేదు. జాగా మిగిలిందని జిల్లా నుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

సదానందం స్వరూప భర్త. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఆయనది నాలుగో కంప్యూటరు, ఆమెది తొమ్మిదోది. సర్వీసులో ఆయన ఆమెకన్నా రెండేళ్లు పెద్ద. ఆ రెండేళ్లు ఏం చేస్తాయో శ్రావణంలో ఒక ఉదయం తెలిసింది. గిన్నెలు సర్దుతుంటే స్వరూపకు చిన్న స్టీలు గ్లాసొకటి కనబడింది. దాని అంచు కింద చుక్కలు చుక్కలుగా 'సౌజన్య' అని చెక్కి ఉంది. ఏ శుభకార్యంలోనో ఎవరి సామానుతోనో కలిసిపోయి వచ్చి ఉంటుందనుకుంది. తిరిగి ఇచ్చేద్దామని గుమ్మం దగ్గర పెట్టి, "ఏమండి, ఎవరిదో గిలాస మనింట్లకు వచ్చింది. సౌజన్య అంటే ఎవరు?" అని అడిగింది.

గడ్డం గీసుకుంటున్న సదానందం చేయి ఆగిపోయింది. ఆయన మాటకారి కాదు. పెళ్లినాటి నుంచి ఇంట్లో మాటలన్నీ ఆమెవే. సబ్బు నురగ ముఖాన అలాగే ఆరిపోయేదాకా నిలబడి, "మన బిడ్డ, స్వరూపా. ఏడేండ్లకే పోయింది" అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేకపోయాడు. ఆయన ఒక ముక్క చెప్తే ఆమె తలలో ఉన్న గుర్తు తెరుచుకుని మిగతాదంతా దానంతటదే వచ్చేసేది. పిల్ల ఆ గ్లాసుతో తప్ప నీళ్లు తాగేది కాదు. తాగడం అయ్యాక గ్లాసును మూతికి ఆనించుకుని అందులోకి 'ఓ' అని కూత పెట్టి, తిరిగి వచ్చిన చప్పుడుకు పకపకా నవ్వేది. పందొమ్మిదేళ్ల కిందట జ్వరం వచ్చింది, నాలుగు రోజులు తగ్గలేదు, అయిదో రోజు పోయింది. తనకొక కూతురు ఉండేదనీ, ఆ కూతురు లేదనీ స్వరూపకు ఒకే పావుగంటలో తెలిసింది. ఆ రోజు ఇద్దరూ ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లారు. ఆలస్యానికి కారణం రాసే గడిలో ఏం రాయాలో తోచక, స్కూటరు పంక్చరైందని రాశారు.

సాయంత్రం నాలుగున్నరకు బ్యాకప్ నడిచింది. ఒకే విషయం రెండు తలల్లో ఉందని కనిపెట్టి, తన పని తాను చేసింది. మర్నాడు ఉదయం స్వరూప మళ్లీ అదే గ్లాసు పట్టుకుని వచ్చి మళ్లీ అదే మాట అడిగింది. సదానందం మళ్లీ చెప్పాడు, ఆమె మళ్లీ కొత్తగా ఏడ్చింది. పుట్టెడు దుఃఖం ఎవరికైనా ఒకసారి వస్తుంది. ఆ ఇంటికి మాత్రం అది పాలప్యాకెట్టులా రోజూ పొద్దున్నే వచ్చేది. గ్లాసు దాచేద్దామని ఒకరోజు ఆయన అనుకున్నాడు, చేతులు రాలేదు. చివరికి ఆమే ఒక చీటీ మీద 'గ్లాసు మనదే. ఆయనను అడుగు' అని రాసి బియ్యం డబ్బా మూతకు అంటించింది. కథంతా కాగితం మీద రాసుకుందామనీ చూసింది. కానీ మర్నాడు చదువుకుంటే ఎవరి పిల్ల కథో చదివినట్టే ఉండేది. ఆయన నోట వింటే తప్ప తల తెరుచుకునేది కాదు.

ఆదివారం ఆఫీసు లేదు, బ్యాకప్ లేదు. ఆదివారం పొద్దున విన్నది సోమవారం సాయంత్రం దాకా ఉండేది. అంటే ఆదివారాలు స్వరూపకు కూతురు ఉండేది. రెండో శనివారం కలిస్తే మరీ మంచిది. ఆ రోజుల్లో ఆమె ఎక్కడికీ వెళ్లేది కాదు, ఎవరినీ రానిచ్చేది కాదు. గ్లాసు ఒళ్లో పెట్టుకుని, తెలిసినవన్నీ ఒక్కొక్కటిగా తలచుకుంటూ కూర్చునేది.

ఇలా ఎన్నాళ్లు నడిచేదో గానీ, కార్తీకమాసం చివర సదానందం పదవీ విరమణ ఉంది. రిటైరయ్యే ఉద్యోగి తలలో శాఖ సమాచారం ఉంటుంది కాబట్టి దాన్ని బయటికి పోనివ్వరు. ఆఖరి రోజు ఐదు గంటలకు తల మొత్తం తుడిచి, మళ్లీ ఏమీ రాయడానికి వీల్లేకుండా తాళం వేసి అప్పగిస్తారు. ఆ తరువాత ఏదైనా వినొచ్చు, దాచుకోవడం కుదరదు. దయతలచి ఇంటి చిరునామా, భార్య పేరు, వేసుకోవలసిన మందులు, ఈ మూడూ మాత్రం వదిలేస్తారు. అలా చేస్తేనే పెన్షన్ కాగితాలు కదులుతాయి. అంతకుముందు రిటైరైన వాళ్లంతా అలాగే వెళ్లారు. ఊళ్లో అరుగుల మీద ప్రశాంతంగా కూర్చుని కనబడుతుంటారు.

సదానందం తల తుడిచేస్తే సౌజన్య ఇంకెక్కడా ఉండదు. అందుకని ఆ జ్ఞాపకాన్ని తన తలలోకి రిస్టోర్ చేయమని స్వరూప దరఖాస్తు పెట్టుకుంది. ఏ తలలోకి రిస్టోర్ అయితే ఆ తలలోదే ఇక అసలు ప్రతి, పెద్దా చిన్నా చూడకుండా మిగతా తలల్లోంచే తీసేస్తారు. సాయంత్రం కాగానే కూతురు పోయేది కానీ, కూతురి మీద పెట్టిన ఫైలు మాత్రం ఆమె తలలో భద్రంగా ఉండేది, ఎందుకంటే అది ఆఫీసు పని. ఫైలు మండలం నుంచి డివిజనుకు, డివిజను నుంచి జిల్లాకు వెళ్లింది. ఈలోగా సాంకేతిక నివేదిక కావాలన్నారు. నాలుగు మండలాల కంప్యూటర్లు ఒక్కడే చూసే ముస్తఫా తన సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, దేన్నీ వెక్కిరించడు, దేనికీ భరోసా ఇవ్వడు.

ముస్తఫా మూడు రోజులు వరుసగా వచ్చాడు. పదకొండూ ఒకేసారి వెలిగి ఉంటే తప్ప రిస్టోర్ మొదలుకాదు. మొదటి రోజు ఆరోది వెలగలేదు. అటెండరు భిక్షపతి దాని ప్లగ్గు తీసి టీ కెటిల్ పెట్టాడు. రెండో రోజు కరెంటు పోయింది. మూడో రోజు అన్నీ వెలిగాయి. ముస్తఫా సర్వరు నుంచి తొమ్మిదో కంప్యూటరుకు ఉత్త పలకరింపు ఒకటి పంపితే, ఎక్కడో వరండాలో వైరు తగిలించుకుని కూర్చున్న భిక్షపతి 'ఆఁ' అన్నాడు. మళ్లీ పంపితే సర్వేయరు పలికాడు. మూడోసారి తాసిల్దారే గదిలోంచి ఎవరు పిలిచారని అడిగాడు. ముస్తఫా ఒక్కో యంత్రం వెనక్కి వంగి చూసి, లేచి, చేతులు దులుపుకున్నాడు.

"పదకొండింటికీ ఒక్కటే పేరు మేడమ్. ఫలానా ఎవరంటే అందరు నేనే అంటున్రు. ఎవరు ముందు పలికితె వాళ్ల తలకే పోతది" అన్నాడు.

స్వరూప స్టాక్ రిజిస్టరు తెప్పించి, పన్నెండేళ్ల నాటి తన గుండ్రటి చేతిరాత చూసుకుంది. కాలు కడుక్కోవడానికి కూడా వీల్లేనంత దూరం వచ్చేశాక కదా మనకు తొక్కిన అడుసు గుర్తొచ్చేది. పేర్లు మార్చమని ఆ రోజే రాసింది. సర్కారు సొత్తు పేరు మారాలంటే గెజిట్‌లో వేయాలనీ, అరవై రోజులు పడుతుందనీ జవాబు వచ్చింది. సదానందం రిటైర్మెంటుకు అప్పటికి తొమ్మిది రోజులుంది.

ముస్తఫాయే ఒక ఉపాయం చెప్పాడు. ముందు పలికినవాళ్లకే పోతుంది కాబట్టి, అందరికన్నా ముందు పలికేలా చూస్తే సరి. రికార్డు గదిలో, తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె పక్కనే ఒక కుర్చీ వేయించి, జానెడు వైరు బిగించాడు. మిగిలిన పదిమందికీ బారెడు బారెడు వైర్లు. స్వరూపను ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఏడుసార్లు పలకరించాడు, ఏడుసార్లూ ఆమే పలికింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ సదానందం చాలాకాలం తరువాత జిలేబీ కొన్నాడు. ఒక ఆఫీసుకు ఏడాదికి ఒక్క రిస్టోరే ఇస్తారని ముస్తఫా చెప్పిన మాటను ఇద్దరూ పట్టించుకోలేదు. ఒక్కటి చాలు కదా.

జిల్లా మంజూరు పదవీ విరమణ రోజు ఉదయం పదకొండుకు చేరింది. పదకొండు తలలూ ఒకచోట దొరికేది సాయంత్రమే కనుక ముస్తఫా నాలుగున్నరకు ముహూర్తం పెట్టి, ఇంకో మండలం నుంచి ఫోన్లు వస్తుంటే వెళ్లిపోయాడు. సన్మాన సభ మూడింటికి జరగాలి. కానీ తాసిల్దారు జిల్లావారితో వీడియో సమావేశంలో ఇరుక్కుపోయాడు, నాలుగుంబావుకు బయటపడ్డాడు. బస్టాండుకు దారి ఒక అట్టముక్క మీద సదానందం చేత ముందే గీయించి గోడకు తగిలించారు. ఆ ఒక్క జాగ్రత్త మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

సన్మానమంటే దంపతులను పక్కపక్కన కూర్చోబెట్టి చేయాలి. ఆయనకు శాలువా, ఆమెకు పసుపు కుంకుమ, చీరె. అది అక్కడి మర్యాద. నాలుగూ ఇరవైకి ఇద్దరినీ వేదిక ఎక్కించారు. తన కుర్చీ రికార్డు గదిలో ఉందని స్వరూప చెప్తూనే ఉంది. దండ మెడలో పడింది. దండ వేశాక లేవకూడదు. నాలుగూ ఇరవై ఏడుకు ఆమె తాసిల్దారు వైపు వంగి, "సార్, నేను లేవాలె. నా బిడ్డ పోతది" అంది. ఆయన మంచివాడే, ఎవరి చెడూ కోరడు. "అయిదు నిమిషాలమ్మా. శాలువ కప్పంగ మధ్యల లేస్తె ఏం బాగుంటది?" అన్నాడు. ఏ తలా తప్పిపోకూడదని వేదిక మీదికే బారెడు వైర్లు లాగించి వాళ్లిద్దరికీ తగిలించమన్నాడు. జానెడు వైరు ఊరికే ఉండిపోతే పదకొండు పూర్తికావు కాబట్టి, వెనక వరుసలో నిలబడ్డ జూనియర్ అసిస్టెంటు క్రాంతిని వెళ్లి అందులో కూర్చోమన్నాడు. చెప్పిన పని కాదనడం క్రాంతికి తెలియదు, ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలే.

నాలుగున్నరకు అందరూ కళ్లు మూసుకున్నారు. ఒక నిమిషం గడిచాక రికార్డు గదిలోంచి ఏడుపు వినిపించింది. పాతికేళ్ల పెళ్లికాని మనిషి బీరువాకు తల ఆనించి, "నా బిడ్డకు జరం తగ్గుతలేదు. గిలాస ఇయ్యండి, కూత పెడ్తది" అంటున్నాడు. వేదిక మీద స్వరూప కళ్లు తెరిచింది. మెడలో దండ ఎందుకుందో తెలుసు, ఆఫీసు తెలుసు, భర్త తెలుసు. ఆ అబ్బాయి ఎవరి గురించి ఏడుస్తున్నాడో మాత్రం తెలియలేదు. పాపం అనుకుంది.

ఐదు గంటలకు సదానందం తల తుడిచి, తాళం వేసి, నిరభ్యంతర పత్రం ఇచ్చారు. కానుకగా గోడగడియారం ఇచ్చారు. దాని వెనక చిరునామా, భార్య పేరు, మందుల పేర్లు రాసి ఉన్నాయి. శాలువాతో మెట్లు దిగుతుంటే ఆయన ముఖం ఎన్నడూ లేనంత తేటగా ఉందని అందరూ అనుకున్నారు.

మర్నాడు చీటీలో 'ఆయనను అడుగు' అని చదివి స్వరూప అడిగింది. ఆయన గ్లాసు తిప్పి తిప్పి చూసి, బాగుంది, ఎంతకు కొన్నావన్నాడు. క్రాంతి ఏడుపు సంగతి ఆఫీసులో నలుగురూ చెప్పాక, ఆమె చీటీ చించి కొత్తది రాసింది: 'గ్లాసు మనదే. క్రాంతిని అడుగు'. అప్పటి నుంచి రోజూ టీ వేళకు అతని బల్ల దగ్గర నిలబడేది. మొదట్లో అతను బాగా చెప్పేవాడు. చెప్తూ ఏడ్చేవాడు, ఆమె తలా తెరుచుకునేది. ఇద్దరూ కలిసి ఏడ్చి టీ తాగేవారు. శనివారం అతను ఊరికి వెళ్లేవాడు కాబట్టి ఆదివారాలు మాత్రం పోయాయి. సంక్రమించిన దుఃఖం ఎంతైనా సంక్రమించినదే. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారనీ, వచ్చిన పిల్ల తల్లిదండ్రుల ముందు కూడా ఏడుస్తున్నాననీ, కొంచెం తగ్గించుకుంటానమ్మా అనీ అతను ఒకరోజు అన్నాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు.

అతని తలలోంచి తనకు రిస్టోర్ చేయమని ఆమె మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఏడాదికి ఒక్కటేనన్నారు. పైగా జ్ఞాపకం ఇప్పుడు క్రాంతిది కనుక దరఖాస్తు యజమాని పెట్టుకోవాలన్నారు. పేర్ల మార్పు ఫైలు, నాటి స్టాక్ క్లర్కు సంజాయిషీ జతపరచలేదని వెనక్కి వచ్చింది. ఆమె సంజాయిషీ రాసి పంపింది. ఉద్యోగి ఆఫీసు వేళల్లో మరొక ఉద్యోగికి సొంత విషయాలు చెప్పడం సరికాదని తాసిల్దారు ఈలోగా ఒక ఏర్పాటు చేశాడు. అడగదలిచినవాళ్లు సోమవారం విన్నపాల రోజున, అందరిలాగే టోకెన్ తీసుకుని వరుసలో రావాలి.

ఈ సోమవారం వాళ్ల టోకెన్ ముప్పై నాలుగు. స్వరూప పూట సెలవు పెట్టి, సదానందాన్ని వెంటబెట్టుకుని, గ్లాసు సంచీలో వేసుకుని వచ్చింది. వాళ్ల ముందున్న రైతు తన పొలం తనదేనా అని అడగడానికి వచ్చాడు. కాదని చెప్తే తలూపి వెళ్లాడు. వెనక ఒక ముసలామె తాను బతికే ఉన్నట్టు కాగితం కోసం నిలబడి ఉంది. నాలుగూ పదికి వాళ్ల వంతు వచ్చింది. క్రాంతి ఇప్పుడు ఏడవడం లేదు. రోజూ అంత చెప్పలేక ముఖ్యాంశాలు ఒక కాగితం మీద టైపు చేసుకున్నాడు. అది చదివాడు. పేరు సౌజన్య. తండ్రి సదానందం, తల్లి స్వరూప. రంగు చామనఛాయ. వయసు ఏడు. జ్వరం, నాలుగు దినములు. మరణం, అయిదవ దినము.

స్వరూప ఒక నిమిషం ఆగి చూసింది. తల తెరుచుకోలేదు. సంచీలోంచి గ్లాసు తీసి బల్ల మీద పెట్టి, "గిలాస గురించి ఏమన్న ఉన్నదా బాబూ?" అని అడిగింది.

క్రాంతి గ్లాసు వంక చూశాడు. అతని పెదవులు ఒక్కసారి గుండ్రంగా అయి, మళ్లీ మూసుకున్నాయి. "అది ముఖ్యాంశాలల్ల రాదమ్మా" అని రిజిస్టరు ముందుకు జరిపాడు.

'చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకుంటిమి' అని ఉన్నచోట ఇద్దరూ సంతకం చేశారు. మెట్లు దిగుతూ సదానందం, "పాపం, ఎవరి బిడ్డనో" అన్నాడు.

"మన బిడ్డేనట" అంది స్వరూప.

ఆయన అలాగా అన్నట్టు తలూపాడు. నాలుగున్నరకు ఇంకా పది నిమిషాలుంది. ఆయన్ని గోడ నీడన కూర్చోబెట్టి, గ్లాసు ఆయన చేతికిచ్చి, కొప్పు సవరించుకుంటూ ఆమె తన వైరు దగ్గరికి లోపలికి నడిచింది.